డెన్వర్‌లో ఇరుక్కున్న మీట

హార్లన్ మోజ్బీకి ముందుపళ్లు రెండు పోయిన ఏడాదే మా బ్యాండ్‌కి మళ్లీ ప్రాణం వచ్చిందని నేనంటే మావాళ్లు నవ్వుతారు. హార్లన్ అయితే నవ్వడు. "నా పళ్లు తీసుకుని మీరు బాగుపడ్డారు" అంటాడు. ఏదేమైనా జరిగింది అదే.

మాది టార్వర్ ఆర్కెస్ట్రా. యాభై ఏళ్ల పైబడి కాన్సస్ సిటీలోనే ఉంది. ప్రాస్పెక్ట్ వీధి పక్కన ఒకప్పటి రైలు పోర్టర్ల సంఘం హాల్లో, ఆదివారం చర్చి వదిలి జనం భోజనాలు చేశాక, మధ్యాహ్నం పూట మా కచేరీ. పదిహేడు మందిమి. ట్రంపెట్లు, ట్రాంబోన్లు, శాక్సోఫోన్లు, వెనక డ్రమ్స్, పక్కన పియానో. నాది బాస్ ట్రాంబోన్. మిగతా రోజుల్లో సిటీ బస్సు నడుపుతాను. నా పేరు వెర్నెల్.

బ్యాండ్ పెట్టింది ల్యూషస్ టార్వర్. ఆయన పోయాక పియానో దగ్గర కూర్చునే మిస్ డెల్ఫీన్ పగ్గాలు పట్టుకుంది. డెబ్బై దాటిన మనిషి. గొంతు పెంచదు. తప్పు వాయిస్తే తల తిప్పి ఒక్కసారి చూస్తుంది, అంతే. ఆ చూపుకి మా అందరికీ చెమటలు పట్టేవి.

హార్లన్ మొదటి ట్రంపెట్. ఇళ్లలో హీటర్లు బాగుచేసి బతికాడు గాని, ఊరికి ఆయన తెలిసింది ట్రంపెట్‌తోనే. పదహారు మంది మోతకి పైన, ఇంటికి కప్పు వేసినట్టు ఆయన స్వరం నిలిచేది. ముగింపు పాటలో ఆయన ఒక్కడే వాయించే చోటు ఒకటుంది. దానికి జనం చెవి కోసుకునేవాళ్లు. డెన్వర్ కచేరీలో తీసిన రికార్డులో ఆయన దిగాల్సిన స్వరం మీద దిగకుండా, గాల్లో వేలాడి, ఉన్నట్టుండి పైకి ఎగిరాడు. ఆ ఎగురు కోసమే ఆదివారాలు హాలు నిండేది.

ఆ చలికాలం ఆయన పళ్లు తీసేయాల్సి వచ్చింది. డాక్టరు కట్టుడు పళ్లు చక్కగానే పెట్టాడు. తినడానికి, నవ్వడానికి ఏ లోటూ లేదు. ట్రంపెట్‌కే కుదరలేదు. పెదవి వెనక పన్ను కదలకుండా ఉంటేనే స్వరం పైకి పోతుంది. మార్చిలో ఒక ఆదివారం ముగింపు పాటలో ఆయన ఎగరబోయాడు. స్వరం రాలేదు, ఉత్త గాలి వచ్చింది. రెండో ట్రంపెట్ కెజయా బౌడెన్ ఆ ఖాళీని చటుక్కున అందుకుని పాట దాటించింది. చప్పట్లు మామూలుగానే పడ్డాయి.

హార్లన్ ట్రంపెట్‌ని గుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టాడు. కోటు వేసుకుని పియానో దగ్గరికొచ్చాడు.

"డెల్ఫీన్, నా పని అయిపోయింది."

"కూర్చో, మాట్లాడుకుందాం."

"కూర్చుంటే పళ్లు మొలుస్తాయా?" అని వెళ్లిపోయాడు.

కెజయా మొదటి కుర్చీలోకి మారింది, మిగతా ట్రంపెట్లు వరసగా జరిగి చివరి కుర్చీ ఖాళీ అయ్యింది. ఇరవై ఆరేళ్ల పిల్ల, ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం. వాళ్ల నాన్న మా రికార్డు అరిగిపోయేదాకా వినేవాడట, ఆ పాటల్లోనే పెరిగింది. మేం అనుకున్నదానికంటే గొప్పగా వాయించింది. కళ్లు మూసుకుంటే హార్లనే ఉన్నట్టు. అదే జారుడు, అదే వణుకు, డెన్వర్‌లో ఎగిరిన చోట అదే ఎగురు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. గండం గడిచిందనుకుని మేమంతా ఊపిరి పీల్చుకున్నాం.

ఏప్రిల్లో ఒక ఆదివారం హార్లన్ వచ్చాడు. వాద్యం లేకుండా, భార్య ఒడెస్సాతో, వెనక బల్ల దగ్గర వేయించిన చేప ముందు పెట్టుకుని కూర్చున్నాడు. కచేరీ అంతా విన్నాడు. చేప ముట్టుకోలేదు. అయ్యాక మిస్ డెల్ఫీన్ ఆయన దగ్గరికి వెళ్లింది. ఆవిడకి కారు లేదు, ఇంటి దగ్గర దింపేది నేనే, అందుకని నేనూ వెళ్లి కూర్చున్నాను.

"ఎలా ఉంది?" అని అడిగింది.

"నా చావుకి నేనే వచ్చి కూర్చున్నట్టుంది."

ఒడెస్సా ఆయన మోచేతి మీద ఒకటి వేసింది. "తిన్నగా మాట్లాడు. పిల్ల వింటుంది."

"విననీ. తప్పు పట్టడానికేం లేదు, అదే నా బాధ. ఒక్క తప్పు లేదు. డెన్వర్‌లో నేను చేసిన తప్పు కూడా తప్పు లేకుండా వాయిస్తోంది."

మిస్ డెల్ఫీన్ కళ్లద్దాలు తీసింది. "ఏం తప్పు?"

హార్లన్ కాసేపు బల్ల మీది ఉప్పుడబ్బాని అటూ ఇటూ జరిపాడు. "ఆ ఎగురు. అది ఎగురూ కాదు, పాడూ కాదు. ట్రంపెట్ మధ్య మీట ఇరుక్కుపోయింది. వేలు తీసినా అది లేవలేదు. దిగలేక అక్కడే వేలాడాను. అది ఊడిరాగానే కంగారులో పైకి దూకాను. రికార్డు బయటికొచ్చాక జనం అదే కావాలన్నారు. జనం మెచ్చిన తప్పుని ఎవడు దిద్దుకుంటాడు, డెల్ఫీన్?"

"ఇన్నేళ్లూ నాకు చెప్పలేదే."

"నువ్వు అడగలేదు. అయినా నీ చూపు తప్పించుకున్న తప్పు నాకు అదొక్కటే. పోగొట్టుకుంటానా?"

కెజయా అప్పటికే మా వెనక నిలబడి ఉంది, పళ్లెంతో. కూర్చోబోతూ ఆగిపోయింది.

"మిస్టర్ మోజ్బీ, నేను ఆ చోటు మూడు నెలలు సాధన చేశాను. మీకు పళ్లు తీసిన దగ్గర్నుంచి, చలికాలమంతా. మా పక్కింటావిడ పోలీసుల్ని పిలుస్తానంది."

"తెలుస్తూనే ఉందమ్మా."

"ఇరుక్కున్న మీట కోసమా?"

"నాకు నిజంగానే ఇరుక్కుంది. నీది ఇరుక్కోకుండానే ఇరుక్కున్నట్టు వాయిస్తున్నావు. నీదే కష్టం."

ఒడెస్సా నవ్వింది. కెజయాకి నవ్వు రాలేదు. కూర్చుని తలొంచుకుని తింది. కాసేపయ్యాక, "నా ట్రంపెట్ మీటలు బాగానే ఉన్నాయి. అయితే నేనెక్కడ దిగాలి?" అంది. ఎవరినీ అడిగినట్టు లేదు.

మిస్ డెల్ఫీన్ ఇంటి ముందు కారు ఆపాక, "వెర్నెల్, మంగళవారం అందర్నీ వేళకి రమ్మను" అంది.

మంగళవారాలు సాయంత్రం మా సాధన. ఆ రోజు ఆవిడ ఎప్పటిలాగే పాత బీరువా తెరిచి ముగింపు పాట కాగితాలు పంచింది. అవి ల్యూషస్ చేత్తో రాసినవే. ఆయన పద్ధతి వేరు. కాగితం పైన ఫలానా వాద్యం అని రాయడు, ఆ వాద్యం వాయించే మనిషి పేరు రాస్తాడు. మా అందరికీ తెలిసిన సంగతే. ఏళ్ల తరబడి చూసి చూసి, ఆ పేర్లు మా కళ్లకి ఆనడం మానేశాయి.

"ఈ పూట వాయించొద్దు. మీ కాగితం మీద ఎవరి పేరుందో వరసగా చదవండి" అంది.

నాది నేను చదివాను. "బిగ్ ఆర్థర్." నాకు ముందు బాస్ ట్రాంబోన్ వాయించినాయన. నేను ఆయన శవపేటిక మోశాను. నా పక్కన "హెన్లీ" అన్నారు. ఆ వెనక "క్లైడ్". శాక్సోఫోన్ల వైపు నుంచి ఒక్కొక్క పేరే వచ్చింది. కొన్ని పేర్లు కుర్రవాళ్లు తప్పుగా పలికితే పెద్దవాళ్లు దిద్దారు. కెజయా "హార్లన్" అంది. చదివిన పదహారు కాగితాల్లో సొంత పేరు చదివింది ఇద్దరే, డ్రమ్స్ దగ్గర రాస్కో, పియానో దగ్గర ఆవిడ.

మిస్ డెల్ఫీన్ తన కాగితం పియానో మీద బోర్లించింది.

"ల్యూషస్ ఎదురుగా ఎవరున్నారో చూసి రాశాడు. ఆర్థర్ గొంతు బొంగురు, అందుకని అలా రాశాడు. క్లైడ్‌కి ఆయాసం, అందుకని అక్కడక్కడ ఊపిరి తీసుకునే చోటిచ్చాడు. మనం క్లైడ్ ఆయాసం కూడా వాయిస్తున్నాం. ఇప్పుడీ గదిలో ఉన్నవాళ్ల కోసం ఎవరూ ఏమీ రాయలేదు. తప్పు నాదే. ఇకనుంచి సగం కచేరీ కొత్తది" అంది.

రాస్కో కర్రలు ఒళ్లో పెట్టుకున్నాడు. "నా కాగితం మీద నా పేరే ఉంది కదా మిస్ డెల్ఫీన్. నాకివి చాలు."

"నీకు చాలతాయిలే. నువ్వు రాస్కోవి."

"జనం పాతవి వినడానికే వస్తారు."

"వచ్చేవాళ్లు తగ్గుతున్నారు, చూడలేదా? ఈ ఏడాది మనం ఎన్ని చావులకి వాయించాం?"

తాతలు నేతులు తాగారని మూతులు చూపించుకుని తిరుగుతున్నామని నాకూ లోలోపల అనిపిస్తూనే ఉండేది. పైకి అనే ధైర్యం చాల్లేదు.

ఆ శనివారం ఆవిడని హార్లన్ ఇంటికి తీసుకెళ్లాను. ఒడెస్సా తలుపు తీసి, "వచ్చారా, తీసుకుపోండి" అంది. "రోజంతా ఇంట్లోనే. నలభై ఏళ్లుగా నేను సర్దుకునే ఫ్రిజ్‌ని ఎలా సర్దాలో నాకు నేర్పుతున్నాడు."

"వెన్న తలుపులో పెడితే మెత్తబడుతుంది. నిజం చెబితే కోపం" అన్నాడు లోపలి నుంచి హార్లన్.

మిస్ డెల్ఫీన్ వంటగదిలో కుర్చీ లాక్కుని కూర్చుంది. "నువ్వేం వాయించగలవో వినడానికొచ్చాను."

"ఏమీ వాయించలేను."

"అది నువ్వు వాయించలేనిది. నేనడిగింది అది కాదు."

ఆయన చాలాసేపు గింజుకున్నాడు. ఆవిడ కదల్లేదు. చివరికి లోపలికెళ్లి ఫ్లూగెల్‌హార్న్ తెచ్చాడు. ట్రంపెట్‌కి లావుపాటి అన్నలాంటిది, గొంతు మెత్తగా ఉంటుంది. కిటికీ వైపు తిరిగి, కింద నుంచి ఒక్కొక్క స్వరం పట్టుకుంటూ పైకి వచ్చాడు. ఎనిమిది స్వరాలు, మరీ నెట్టితే తొమ్మిది. ఆ పైన గాలి. కాని కిందివి నేనెప్పుడూ ఆయన దగ్గర వినలేదు. అన్నేళ్లు కప్పు మీదే ఉన్నవాడు కిందికి ఎందుకొస్తాడు? చలికి వణికేవాడి భుజాల మీద ఎవరో దుప్పటి కప్పినట్టుంది ఆ గొంతు. ఒడెస్సా స్పూను గిన్నెలోనే వదిలేసి తలుపు దగ్గర నిలబడింది.

"చాలు" అంది మిస్ డెల్ఫీన్.

"చాలదని నాకూ తెలుసు."

"చాలు అంటే సరిపోతుంది అని."

మే నెలంతా ఆవిడ కొత్త పాటలు రాసింది. మొదటి పాటలో హార్లన్‌కి కింది వరస ఇచ్చింది. ఆయన పక్కన నేనూ, పెద్ద శాక్సోఫోనూ. మేం ముగ్గురం అడుగున నడిస్తే, మిగతా బ్యాండ్ మా మీద నిలబడుతుంది. నా కాగితం మీద "వెర్నెల్" అని ఉంది. నా పేరు అలా చూసుకోవడం అదే మొదటిసారి. చూడనట్టు స్టాండు మీద పెట్టుకున్నాను.

కెజయా కాగితంలో ఒక చోట ఖాళీ గీతలే ఉన్నాయి. అక్కడికి రాగానే ఆ పిల్ల ట్రంపెట్ దించేసింది.

"ఇక్కడేం లేదు, మిస్ డెల్ఫీన్."

"నువ్వున్నావు."

"నాకేం తోచడం లేదు."

మళ్లీ మొదటి నుంచి. మళ్లీ అదే చోట ఆగింది. మూడోసారి పాత అలవాటు కొద్దీ హార్లన్ జారుడు ఒకటి వాయించి, తనే సగంలో మానేసింది. హార్లన్ తన కొత్త కుర్చీలోంచి, చివరి కుర్చీ అది, వెనక్కి వాలి పిలిచాడు.

"ఇటు చూడు. నీకేది ఇష్టమో అది వాయించు."

"నాకు మీరు వాయించిందే ఇష్టం. ఏం చెయ్యను?"

"నాకూ ఒకాయనంటే ఇష్టం ఉండేది. ఆయన దగ్గర దొరికినంతా దొంగిలించాను. కాని ఇంటికి తెచ్చాక రంగు వేశాను. నువ్వు రంగు వెయ్యకుండా తిరుగుతున్నావు, అందుకే దొరికిపోతున్నావు."

ట్రాంబోన్ల వైపు నవ్వులు లేచాయి. కెజయా కూడా ఈసారి నవ్వింది. నాలుగోసారి ఆ ఖాళీలోకి వచ్చి, ఒక చిన్న స్వరం మెల్లగా అని ఆగింది. చాలాసేపు ఆగింది. ఇంకొకటి అంది. మళ్లీ ఆగింది. రోజంతా ఊపిరి బిగబట్టండి, వదలండి అని రోగులకి చెప్పే పిల్ల కదా, ఆగడానికి భయపడలేదు. ఆ మౌనంలో ఏం కొట్టాలో తెలియక రాస్కో కర్ర గాల్లో పట్టుకుని కూర్చున్నాడు. అదేమీ గొప్పగా లేదు. కాని ఆ పిల్లదే.

జూన్ మొదటి ఆదివారం, ముగింపు పాట చోట, ఆ కొత్త పాట జనం ముందు వాయించాం. మా హాల్లో ముందు వరస బల్లలు తీసేసి నాట్యానికి చోటు ఉంచుతారు. గడిస్ దంపతులు మా కచేరీకి వచ్చేది ఆడడానికే. ఆయనకి ఎనభై దాటాయి, రెండు రంగుల బూట్లు లేకుండా రాడు. భార్య ఎర్నా ఆయన కంటే ఒక వేలు పొడుగు. కొత్త పాట మొదలవగానే ఇద్దరూ చేతులు పట్టుకుని వచ్చారు. నాలుగడుగులు వేశారు. కెజయా ఆగిన చోట వాళ్లూ ఆగారు. మళ్లీ మొదలవుతుందేమోనని చూశారు. పాట అయ్యేదాకా ఆ చెక్కనేల నడుమ అలాగే చేతులు పట్టుకుని నిలబడ్డారు. అంత బాధగా ఎప్పుడూ వాయించలేదు నేను.

చప్పట్లు అక్కడక్కడ పడ్డాయి. కచేరీ అయ్యాక గడిస్ గారు నెమ్మదిగా పియానో దగ్గరికి నడిచొచ్చాడు.

"మిస్ డెల్ఫీన్, బాగుంది. హార్లన్‌ని మళ్లీ చూడడం ఇంకా బాగుంది. కాని మా కాళ్లకి చోటెక్కడ పెట్టావు?"

ఇంకొకరైతే ఇది వినే సంగీతం అని చెప్పేవాళ్లు. ఆవిడ ఆయన బూట్ల వంక చూసి, "పెట్టలేదు. మరిచిపోయాను" అంది.

తర్వాతి రెండు ఆదివారాలు హాలు పలచబడింది. కొందరు మొహం మీదే చెప్పారు, ముగింపు పాట లేని ఆదివారం ఆదివారమే కాదని. రాస్కో నాతో, "చెప్పానా?" అన్నాడు. పాత పాటలకి తిరిగి పోదామని ముగ్గురు నలుగురు గట్టిగానే అన్నారు. హార్లన్ కూడా ఒక సాయంత్రం కారు దగ్గర నన్నాపి, "నా కోసం పట్టు పట్టొద్దని ఆవిడకి చెప్పు" అన్నాడు. చెప్పాను. "వాడి కోసమని వాడికెవరు చెప్పారు?" అంది ఆవిడ.

ఆ మంగళవారం మేం వెళ్లేసరికి హాల్లో గడిస్ దంపతులున్నారు. మా కుర్చీలన్నీ గోడ వారకి జరిపించి ఉన్నాయి.

"ఈ పూట వీళ్లు ఆడతారు, మనం నేర్చుకుందాం. ఎర్నా, ఎక్కడ కాలు తడబడితే అక్కడ చెయ్యెత్తు" అంది మిస్ డెల్ఫీన్.

మొదలుపెట్టాం. ఎర్నా చెయ్యెత్తింది. మళ్లీ మొదలుపెట్టాం. మళ్లీ ఎత్తింది. ఆవిడకి మొహమాటం లేదు. "ఇక్కడ నన్ను మెట్టు లేని చోట దిగమంటున్నారు" అనేది. "ఆ లావు గొంతున్నాయన ఇంకొంచెం ముందు రావాలి" అనేది, అంటే హార్లన్. ఆయన ముందొచ్చాడు. "ఆ డ్రమ్ములాయన నిద్రపోతున్నాడు" అంది. రాస్కోకి పౌరుషం వచ్చింది.

"నిద్ర కాదమ్మా. ఆ పిల్ల ఆగినప్పుడు నేనేం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు."

"నేను చెప్తున్నా. అది ఆగినా నేను ఆగను. నా కాలు కింద నువ్వుండు."

రాస్కో కర్రలు పక్కన పెట్టి, చీపురులాంటి వైరు కుంచెలు తీసుకున్నాడు. ఎర్నా పాదాల వంకే చూస్తూ, ఆ బూట్లు నేల మీద చేసే చప్పుడు ఎంతో అంతే వాయించాడు. దాని మీద కెజయా ఒక స్వరం పెట్టి ఆగింది. అడుగున మేం ముగ్గురం నడిచాం. ఈసారి ఆ ఖాళీలో గడిస్ గారు భార్యని మెల్లగా ఒక చుట్టు తిప్పారు. తిరగడానికి సరిగ్గా అంత వ్యవధి కావాలి. చెయ్యి లేవలేదు.

పాట అయ్యాక ఎర్నా కుర్చీలో కూలబడి చెమట తుడుచుకుంది. "ఇప్పుడు పర్వాలేదు. ఇంతకుముందు అది మీకోసమే ఉండేది" అంది.

మిస్ డెల్ఫీన్ అప్పటికే పెన్సిలుతో దిద్దుకుంటోంది. తల ఎత్తలేదు.

జూలైలో మళ్లీ వాయించాం. సగం నేల నిండింది. కెజయా ఆసుపత్రి స్నేహితులు కొందరు వచ్చారు. వాళ్లకి అడుగులు రాకపోతే గడిస్ గారు ఒక్కొక్కరినీ చెయ్యి పట్టి నడిపించారు. మానేసినవాళ్లలో కొందరు తిరిగొచ్చారు, కొందరు రాలేదు. రానివాళ్లని తలుచుకుంటే నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. ముగింపు పాటని మేం వదల్లేదు, నెలకొక ఆదివారం వాయిస్తాం. అందులో ఆ చోటు కెజయా ఎలా వాయిస్తుందో ఏ నెలకానెల చూసుకోవాల్సిందే, ఆ పిల్లకే ముందు తెలియదు.

రాస్కో ఇప్పటికీ సణుగుతాడు. సణుగుతూనే ఇంటి దగ్గర కుంచెలతో సాధన చేస్తున్నాడని వాళ్లావిడ చెప్పింది. హార్లన్ పళ్లు బాగుపడలేదు, పైస్వరాలు ఇక రావు. మొదట్లో చివరి కుర్చీలో బిగుసుకుని కూర్చునేవాడు. ఈ మధ్య వెనక్కి వాలి కూర్చుంటున్నాడు. ఒకసారి అడిగాను, పైన ఉన్నప్పటి రోజులు గుర్తొస్తాయా అని.

"రావా మరి? కాని వెర్నెల్, పైనుంటే మీరెవరూ నాకు వినపడేవాళ్లు కాదు. నువ్వు వాయిస్తావని నాకు ఈ ఏడే తెలిసింది."

"ఎలా వాయిస్తాను?"

"ఫర్వాలేదు. కాస్త నత్తి."

గడిచిన మంగళవారం కెజయా తను రాసిన మొదటి పాట తెచ్చింది. పదిహేడు కాగితాలు, పదిహేడు పేర్లు. మొదలుపెట్టిన కాసేపటికే శాక్సోఫోన్లు ఒక దారి, ట్రాంబోన్లు ఒక దారి పోయి పాట మధ్యలో కూలిపోయింది. రెండోసారీ కూలింది. ఆ పిల్ల కాగితాలు వెనక్కి తీసుకోబోయింది. మిస్ డెల్ఫీన్ పియానో మూత మీద చెయ్యి వేసి, "ఉండనీ. ఎక్కడ కూలిందో చూద్దాం" అంది. మేం పాత కుర్చీలు కిర్రుమనిపిస్తూ ముందుకి జరిగి, ఆ చోటు నుంచి మళ్లీ ఎత్తుకున్నాం.